ఇన్‌రష్ కరెంటుకు ఏ ప్రోబు కొనాలి? ముందు ఆ కరెంటు ఆకారం చూడండి

ఇన్‌రష్ అంటే స్విచ్చి వేసిన తొలి క్షణాల్లో తగిలే పెద్ద కరెంటు పోటు. మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే దిద్దండి. మీరు విజయవాడ ఆటోనగర్‌లో ప్యానెలు బోర్డులు కడతారు. వాటిలో చాలా వరకు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు వెళతాయి. ఒక చోట కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మరు ముందున్న ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తాను ఆపేసే స్విచ్చి) పడిపోతోంది. అన్నిసార్లూ కాదు, నాలుగైదుసార్లకు ఒకసారి. ఇంకో చోట పవర్ ఫ్యాక్టరు ప్యానెలులో, అంటే కెపాసిటర్లను కలిపి విడదీసే ప్యానెలులో, కాంటాక్టరు (విద్యుత్తుతో పనిచేసే స్విచ్చి) పాయింట్లు అతుక్కుపోతున్నాయి. మీ దగ్గర రెండు చానళ్ల స్కోపు (తరంగాన్ని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు) ఉంది, కరెంటు ప్రోబు లేదు. దుకాణదారు 1000 ఆంపియర్ల ఏసీ క్లాంపు (తీగను దవడలతో పట్టుకునే ప్రోబు) తీసుకోమన్నారు. మిత్రుడు రొగోవ్స్కీ కాయిల్ (తీగ చుట్టూ తిప్పే, ఇనుము లేని మెత్తని చుట్ట) అన్నారు. మీరు చదివిన చోటల్లా మెగాహెర్ట్జ్ ఎంత ఎక్కువైతే అంత మేలన్నట్టు రాశారు. ఈ మూడింటిలో ఏది?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఒక్కటే కొనగలిగితే, కనీసం 400 ఆంపియర్ల శిఖరాన్ని చూపగల ఏసీ-డీసీ హాల్ క్లాంపు కొనండి. అది స్కోపుకు తగిలించుకునేలా బీఎన్‌సీ (స్కోపుల మీద ఉండే గుండ్రటి కనెక్టరు) తీగతో రావాలి. రెండోదానికి డబ్బు సమకూరినప్పుడు రొగోవ్స్కీ తీసుకోండి, అది కెపాసిటరు ప్యానెళ్ల కోసం. ఏసీ క్లాంపు చెడ్డ పనిముట్టేమీ కాదు. కాకపోతే మీరు అడిగిన మొదటి సమస్య దగ్గరే అది మిమ్మల్ని మోసం చేస్తుంది. నన్ను చేసింది.

ప్రోబు కొనడానికి వెళ్లిన వాళ్లను దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న "లోడు ఎన్ని ఆంపియర్లండీ?" అని. ఇన్‌రష్ కొలతలో ఆ అంకెతో మీకు పెద్దగా పని లేదు. తెలియాల్సినవి మూడు: శిఖరం ఎంత ఎత్తుకు వెళుతుంది, ఎంతసేపు ఉంటుంది, సున్నా గీతకు రెండు పక్కలా ఊగుతుందా, ఒక్క పక్కనే ఉండిపోతుందా. ఈ మూడోది ఎవరూ అడగరు. ప్రోబులు తప్పటడుగు వేసేది ఎక్కువగా అక్కడే.

ట్రాన్స్‌ఫార్మరుతో మొదలుపెడదాం. స్విచ్చి పడిన క్షణంలో వోల్టేజి తరంగం ఎక్కడుంది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. తరంగం శిఖరం దగ్గర పడితే పెద్ద గొడవేమీ ఉండదు. సున్నా దగ్గర పడితే మాత్రం మొదటి అర్ధచక్రమంతా లోపలి ఇనుప కోరులో ఫ్లక్సు, అంటే అయస్కాంత ప్రవాహం, ఒకే దిక్కున పెరుగుతూ పోయి మామూలు గరిష్ఠానికి రెట్టింపు దాకా వెళుతుంది. క్రితంసారి ఆపినప్పుడు కోరులో మిగిలిపోయిన అయస్కాంతత్వం కూడా అదే దిక్కున ఉంటే, అదీ వచ్చి కలుస్తుంది. అంత ఫ్లక్సును ఏ కోరూ మోయలేదు. ఇనుము సంతృప్తమైపోయి, అంటే ఇక ఫ్లక్సును నింపుకోలేని స్థితికి చేరి, వైండింగు ఉత్త తీగచుట్టలా మిగులుతుంది, కరెంటు ఒక్క ఉదుటున లేస్తుంది. తర్వాతి అర్ధచక్రంలో ఫ్లక్సు వెనక్కి దిగుతుంది కాబట్టి కరెంటు దాదాపు ఏమీ ఉండదు. మళ్లీ లేస్తుంది. స్కోపు తెర మీద ఒకే పక్కన వరుసగా గుట్టలు, గుట్టకూ గుట్టకూ మధ్య చదునైన నేల కనిపిస్తాయి. ఒక్కో గుట్ట ముందుదానికంటే కొంచెం పొట్టిగా ఉంటుంది. చిన్న కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మరులో ఇదంతా కొన్ని చక్రాల్లో చల్లబడుతుంది. పెద్దవాటిలో సెకన్ల పాటు సాగుతుంది.

మీ ఎంసీబీ నాలుగైదుసార్లకు ఒకసారే పడడానికి కారణం ఇదే. స్విచ్చి పడే క్షణం ఎవరి చేతిలోనూ లేదు.

అంకెల్లో చూద్దాం. మీది 3 కేవీఏ, 415 వోల్టుల ప్రైమరీ అనుకుంటాను. పూర్తి లోడు కరెంటు 7.2 ఆంపియర్లు, దాని శిఖరం 10 ఆంపియర్ల పైచిలుకు. ఇన్‌రష్ దానికి 15 రెట్లు అనుకుంటే 150 ఆంపియర్లు దాటుతుంది. గుండ్రటి కోరు మీద చుట్టిన టొరాయిడ్ రకమైతే ఇంకా పైకి పోతుంది. ముందున్నది సీ-10 ఎంసీబీ, అంటే 10 ఆంపియర్ల సీ రకం అయితే, దాని అయస్కాంత భాగం 5 నుంచి 10 రెట్ల మధ్య, అంటే 50 నుంచి 100 ఆంపియర్ల మధ్య పని చేయాలి. ఆ అంకెలు ఆర్ఎంఎస్‌లో, అంటే మామూలు మీటర్లు చూపే ఒక రకం సగటులో, చెప్పినవి. శిఖరంగా లెక్కిస్తే దాదాపు 70 నుంచి 140 అవుతుంది. 150 ఆంపియర్ల గుట్ట వస్తే అది పడక ఏం చేస్తుంది?

ఇప్పుడు నా అనుభవం. చాలా ఏళ్ల క్రితం గుంటూరు శివారులో ఒక కోల్డ్ స్టోరేజీలో సరిగ్గా ఇదే సమస్య. మిర్చి సీజను, బయట ఎండ, లోపల అమోనియా కంప్రెసర్లు, ప్యానెలు గదిలో అడుగు పెడితే ఆగకుండా తుమ్ములు. నా దగ్గర మంచి పేరున్న ఏసీ క్లాంపు ఉంది, స్కోపుకు తగిలించాను, స్విచ్చి వేయించాను. తెర మీద 70 ఆంపియర్ల శిఖరం, రెండు పక్కలా ఊగుతున్న తరంగం కనిపించాయి. "ఇన్‌రష్ మామూలుగానే ఉంది, ఎంసీబీయే బలహీనపడింది" అని తీర్పు చెప్పి దాన్ని మార్పించాను. రెండు రోజుల్లో ఫోను. మళ్లీ మార్పించాను. మళ్లీ ఫోను. మూడోసారి వెళ్లేటప్పుడు ఒక మిత్రుడి హాల్ క్లాంపు అడిగి తీసుకెళ్లాను. అదే తీగ మీద, అదే స్విచ్చితో, 160 ఆంపియర్లు. అన్నీ ఒకే పక్కన. ఆ రెండు ఎంసీబీల డబ్బు నేనే కట్టుకున్నాను, కట్టుకోవాల్సిందే. డీ రకం ఎంసీబీ వేశాక మళ్లీ ఫోను రాలేదు. డీ రకం 10 రెట్ల తర్వాతే, 20 రెట్ల లోపు ఎక్కడో పడుతుంది.

ఏసీ క్లాంపు ఎందుకు అలా చూపించింది? దాని దవడల్లో ఉన్నది ఇనుప కోరు, చుట్టూ తీగ. అంటే అది కూడా ఒక ట్రాన్స్‌ఫార్మరే. ఒకే దిక్కున పోయే కరెంటును ట్రాన్స్‌ఫార్మరు అటు నుంచి ఇటు దాటించలేదు. ట్రాన్స్‌ఫార్మరు ఇన్‌రష్‌లో ఒకే దిక్కు పాలు చాలా ఎక్కువ. అది క్లాంపు కోరును కూడా సంతృప్తం వైపు నెడుతుంది. రోగాన్ని పట్టడానికి వచ్చిన వైద్యుడికి అదే రోగం అంటుకున్నట్టు. కోరు నిండిపోగానే క్లాంపు నుంచి వచ్చే సంకేతం కుంగిపోతుంది, శిఖరం తల తెగుతుంది, తరంగం మొత్తం కిందికి జారి రెండు పక్కలా సర్దుకుంటుంది. చూడడానికి ముచ్చటగా, నమ్మదగినట్టే ఉంటుంది.

ఆ రోజు నేను గమనించాల్సిన గుర్తు ఒకటి ఉంది. గుట్టల మధ్య చదునైన నేల సున్నా గీత మీద ఉందా లేదా అని చూడాలి. అక్కడ కరెంటు దాదాపు లేదని మనకు ముందే తెలుసు. నేల గనక సున్నా కిందికి దిగిపోయి ఉంటే ప్రోబు అబద్ధం చెబుతోందని అర్థం. ఏ ప్రోబు వాడినా, ఎంత ఖరీదైనదైనా, ట్రాన్స్‌ఫార్మరు తరంగంలో నా కన్ను ఇప్పటికీ మొదట ఆ నేల మీదికే పోతుంది.

హాల్ క్లాంపులో కూడా ఇనుప కోరు ఉంటుంది. కానీ ఆ కోరులో కోసిన చిన్న సందులో హాల్ సెన్సరు కూర్చుని అయస్కాంత క్షేత్రాన్ని నేరుగా చూస్తుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన ప్రభావం అది. క్షేత్రం మారుతున్నా, నిలకడగా ఉన్నా దానికి ఒకటే. అందుకే డీసీ కూడా కనిపిస్తుంది. కొనేటప్పుడు చూడాల్సింది దాని మీద రాసిన పెద్ద అంకె కాదు. ఆ అంకె ఆర్ఎంఎస్ కావచ్చు, శిఖరం కావచ్చు, కరపత్రంలో వెతికి పట్టుకోవాలి. టెక్ట్రానిక్స్ ఏ622 మంచి ప్రోబు, డీసీ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా చూపుతుంది, కానీ దాని హద్దు 100 ఆంపియర్ల శిఖరం. మీ 150 ఆంపియర్ల గుట్టను అది పట్టుకోలేదు. ఫ్లూక్ 80ఐ-110ఎస్ కూడా దాదాపు ఆ కోవలోదే. ఎల్ఈడీ దీపాలకు, చిన్న పవర్ సప్లైలకు ఇవి బంగారంలా పనికొస్తాయి, మీ పనికి మాత్రం పొట్టివి. హద్దు దాటినప్పుడు హాల్ ప్రోబు శిఖరాన్ని బల్లపరుపుగా కోసేస్తుంది. గుట్టకు తల చదునుగా కనిపిస్తే అది నిజమైన కరెంటు కాదు, ప్రోబు చేతులెత్తేసిందని.

హాల్ క్లాంపులకు రెండు జబ్బులున్నాయి. ఒకటి, వేడికి సున్నా జారుతుంది. మే నెలలో గుంటూరులో ప్యానెలు గది వేడిలో పది నిమిషాలు ఉంచాక సున్నా సరిచూసుకోండి, కారులోంచి దింపిన వెంటనే కాదు. రెండు, పెద్ద ఇన్‌రష్ తగిలాక కోరులో కొంత అయస్కాంతత్వం మిగిలిపోయి, కరెంటు లేకున్నా రెండు మూడు ఆంపియర్లు చూపిస్తుంది. ప్రతి కొలతకూ ముందు దవడలు మూసి, తీగ లేకుండా సున్నా నొక్కండి. 150 ఆంపియర్లను కొలిచేటప్పుడు రెండు ఆంపియర్ల జారుడుతో కొంపేమీ మునగదు. కానీ ఆ జారుడునే చూసి "నేల సున్నా మీద లేదు" అని నన్ను తిట్టుకుంటారని ముందే చెబుతున్నాను.

మోటార్ల సంగతి వేరు. మీరు అడగకపోయినా, కోల్డ్ స్టోరేజీకి వెళ్లినవాడు కంప్రెసరు మోటారు కొలవకుండా వెనక్కి రాలేడు. 10 హెచ్‌పీ మోటారుకు పూర్తి లోడు కరెంటు 14 ఆంపియర్ల దరిదాపు. నేరుగా లైనుకు తగిలిస్తే 6-7 రెట్లు తీసుకుంటుంది, అంటే వంద ఆంపియర్ల వరకు. అది సెకన్ల పాటు ఉంటుంది. ఆ సెకన్ల భాగం రెండు పక్కలా సమంగా ఊగే మామూలు ఏసీ కాబట్టి ఏసీ క్లాంపు చాలు. మొదటి ఒకటి రెండు చక్రాల్లో మాత్రం ఒక పక్కకు వాలిన తరంగం ఉంటుంది. ఆ శిఖరం రెండు వందలు దాటవచ్చు. ఎంసీసీబీ (పెద్ద లోడ్లకు వాడే ఎంసీబీ లాంటిది) అప్పుడప్పుడు పడేది ఆ మొదటి చక్రంలోనే అయితే మళ్లీ హాల్ క్లాంపే కావాలి. నేను 400 అన్నది ఈ రెండింటినీ కలిపి, కాస్త పైన చోటు ఉంచి.

చేతి క్లాంపు మీటర్లలో ఇన్‌రష్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని చాలామంది శిఖరం చూపే మీట అనుకుంటారు. ఫ్లూక్ 376 లాంటి వాటిలో అది కరెంటు మొదలైన క్షణం నుంచి 100 మిల్లీసెకన్ల పాటు నమూనాలు తీసుకుని లెక్క కట్టిన విలువ. 100 మిల్లీసెకన్లంటే మన 50 హెర్ట్జ్‌లో 5 చక్రాలు. మోటారుకు అది న్యాయమైన అంకె. ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రం మొదటి గుట్ట ఎత్తునంతా ఆ 5 చక్రాల్లో కలిపేసి నూరేస్తుంది. మీ 150 ఆంపియర్లు అందులో ఎక్కడా కనబడవు. ఎంసీబీ అయస్కాంతం 100 మిల్లీసెకన్లు ఆగి లెక్క చూసుకోదు.

మోటారును ముందు తక్కువ వోల్టేజితో (స్టార్) మొదలుపెట్టి, తర్వాత పూర్తి వోల్టేజికి (డెల్టా) మార్చే స్టార్-డెల్టా స్టార్టర్లలో ఇంకో చిక్కు. స్టార్ నుంచి డెల్టాకు మారే సందులో మోటారు లైను నుంచి విడిపోయి, తిరుగుతూనే తన సొంత వోల్టేజిని పుట్టిస్తూ ఉంటుంది. డెల్టా కాంటాక్టరు మూసుకునే వేళకు ఆ వోల్టేజి, లైను వోల్టేజి ఎదురెదురుగా ఉంటే, నేరుగా స్టార్టు చేసినప్పటికంటే పెద్ద పోటు తగలవచ్చు. క్లాంపు మీటరులోని ఇన్‌రష్ మీట స్టార్ మొదలైనప్పుడే తన పని ముగించుకుని కూర్చుంటుంది. ఈ పోటును పట్టాలంటే స్కోపులో ట్రిగ్గరు అంకెను (ఎంత కరెంటు దగ్గర అది తరంగాన్ని పట్టడం మొదలుపెట్టాలో చెప్పేదాన్ని) స్టార్ కరెంటు శిఖరం కంటే పైన పెట్టి ఎదురుచూడాలి. "స్టార్-డెల్టా పెట్టినా ఎంసీసీబీ పడుతోంది, మారేటప్పుడే" అని ఎవరైనా చెబితే నేను చేసే మొదటి పని అదే.

ప్యానెలులో ఇప్పటికే ఉన్న అమ్మీటరు సీటీల (కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల) నుంచి ఇన్‌రష్ చదువుదామని ఎప్పుడూ అనుకోకండి. చాలా మీటరింగ్ సీటీల మీద ఎఫ్ఎస్5 అని ఉంటుంది. 5 రెట్ల దరిదాపు దాటితే సంతృప్తమై మీటరును కాపాడమని దానికి పుట్టుకతోనే నేర్పించారు. ఏడు రెట్ల కరెంటును దాన్ని అడిగి ప్రయోజనం లేదు. పైగా ఆ తీగలు విప్పే ప్రయత్నంలో సెకండరీ తెరుచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు మీ రెండో సమస్య, అతుక్కునే పాయింట్లు. ఇక్కడ కథ పూర్తిగా తిరగబడుతుంది. 25 కేవీఏఆర్ మెట్టు, అంటే ప్యానెలు ఒక్కొక్కటిగా కలిపే కెపాసిటర్ల గుంపుల్లో ఒకటి, 415 వోల్టుల మీద మామూలుగా 35 ఆంపియర్లు తీసుకుంటుంది. కానీ పక్కన ఇప్పటికే ఛార్జి అయి ఉన్న మెట్లు నాలుగైదు ఉంటే, కొత్త మెట్టు కలిసిన క్షణంలో అవన్నీ తమ ఛార్జిని దీనిలోకి కుమ్మరిస్తాయి. అడ్డుపడేది బస్‌బార్ల, తీగల ఇండక్టెన్సు ఒక్కటే. లెక్క ఇలా ఉంటుంది: ఒక ఫేజుకు కెపాసిటెన్సు 460 మైక్రోఫారడ్ల చిల్లర. తీగలతో సహా ఇండక్టెన్సు 2 మైక్రోహెన్రీలు అనుకుందాం. ఫేజు వోల్టేజి శిఖరం 339 వోల్టులు. కెపాసిటెన్సును ఇండక్టెన్సుతో భాగించి, వర్గమూలం తీసి, 339తో గుణించండి. 5000 ఆంపియర్లు దాటుతుంది. ఊగే వేగం 5 కిలోహెర్ట్జ్ పైన. అది ఒక మిల్లీసెకను లోపలో, రెండు మిల్లీసెకన్లలోనో ముగిసిపోతుంది, కానీ అప్పటికే పాయింట్ల మీది లోహం కరిగి ఉంటుంది. అసలు లైన్లో తగిలే నిరోధం వల్ల నిజంగా వచ్చేది ఇంతకంటే కొంత తక్కువే. అయినా వేలల్లోనే ఉంటుంది.

దీనికి 400 ఆంపియర్ల హాల్ క్లాంపు పెట్టి ఏం చూస్తారు, బల్లపరుపు తల తప్ప? మీ మిత్రుడి మాట ఇక్కడ నూటికి నూరు పాళ్లు సరి. రొగోవ్స్కీలో ఇనుమే లేదు. గాలి లాంటి బోలు గొట్టం మీద చుట్టిన తీగ, అంతే. సంతృప్తం కావడానికి అందులో ఏమీ లేదు. చాటక్ 1887లోనే ఈ ఆలోచన చెప్పాడు, రొగోవ్స్కీ, స్టైన్‌హౌస్ 1912లో దాన్ని సరిగ్గా రాశారు. పేరు మాత్రం రొగోవ్స్కీకే మిగిలింది. 6000 ఆంపియర్ల రొగోవ్స్కీ మీ ప్యానెలు పనికి సరిపోతుంది. మెత్తగా వంగుతుంది కాబట్టి, దవడ పట్టని ఇరుకు బస్‌బారు చుట్టూ కూడా తిరుగుతుంది.

మరి మొదటి పనికి కూడా రొగోవ్స్కీ సరిపోదా? నేను మిత్రుడి మాట సగమే ఒప్పుకోవడానికి కారణం ఇది. రొగోవ్స్కీ నేరుగా కరెంటును చూడదు, కరెంటు మారే వేగాన్ని చూస్తుంది. దాన్ని తిరిగి కరెంటుగా మార్చే పని పక్కనున్న పెట్టెలోని ఇంటిగ్రేటరుది. ప్రతి ఇంటిగ్రేటరుకూ ఒక కింది హద్దు ఉంటుంది, ఇన్ని హెర్ట్జ్ కంటే తక్కువను మోయలేదని. ఆ హద్దు 1 హెర్ట్జ్ అయితే, నిలకడ కరెంటు ఒక చక్రం అంటే 20 మిల్లీసెకన్లలో దాదాపు 12 శాతం జారిపోతుంది. మొదటి గుట్ట ఎత్తు వరకు అది మంచి సాక్షే. హద్దు 10 హెర్ట్జ్ అయితే మాత్రం ఒక చక్రంలోనే సగానికి పైగా జారిపోతుంది, మళ్లీ అదే నేల కిందికి దిగే జబ్బు. కాబట్టి రొగోవ్స్కీ కొనేటప్పుడు పై హద్దు గురించి వాళ్లు చెప్పే గొప్పలు విని తల ఊపేసి, కింది హద్దు ఎంతని అడగండి. అది చెప్పలేని దుకాణంలో కొనకండి. కింది హద్దు 1 హెర్ట్జ్ లోపు ఉండి, 600 ఆంపియర్ల చిన్న శ్రేణి కూడా ఉన్న రొగోవ్స్కీ దొరికితే, ఆ ఒక్కదాన్నే రెండు పనులకూ వాడుకునే అవకాశం ఉంది. నేను మాత్రం మొదట హాలే కొంటాను. డీసీ చూపే పనిముట్టు చేతిలో ఉంటే ఇన్వర్టరు, బ్యాటరీ, సోలారు, అన్నిటికీ అక్కరకొస్తుంది.

రొగోవ్స్కీ చుట్టేటప్పుడు రెండు చివరలు కలిసే కొక్కెం దగ్గర అది బలహీనం. ఆ కొక్కేన్ని పక్క ఫేజు బస్‌బారుకు దూరంగా తిప్పి పెట్టండి, లేదంటే పక్కింటి కరెంటు కూడా మీ లెక్కలో కొంత కలుస్తుంది. హాల్ క్లాంపుకు తీగ దవడల మధ్యలో ఉండాలి, దవడలు పూర్తిగా మూసుకోవాలి. మిర్చి ధూళి దవడల అంచుల మీద పేరుకుని సన్నని సందు ఏర్పడితే రీడింగు మారుతుంది, ముఖ్యంగా ఏసీ క్లాంపుల్లో. నా సంచిలో ఎప్పుడూ ఒక పాత పళ్ల బ్రష్షు ఉంటుంది. ఇక ఫేజు, న్యూట్రలు రెండూ ఒకే దవడలో పెట్టి "కరెంటే రావడం లేదండీ" అని ఫోను చేసినవాళ్లు నాకు ఏటా ఒకరైనా తగులుతారు.

మెగాహెర్ట్జ్ విషయం ఒక్క మాటలో తేల్చేస్తాను. ప్రోబు ఎంత చురుగ్గా లేవగలదో తెలియాలంటే 0.35ను దాని బ్యాండ్‌విడ్తుతో (అది చూపగల హెర్ట్జ్ పై హద్దుతో) భాగించండి. 20 కిలోహెర్ట్జ్ ప్రోబు 17.5 మైక్రోసెకన్లలో లేస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు గుట్ట మిల్లీసెకన్ల వెడల్పు, దానికి 10 కిలోహెర్ట్జ్ కూడా ఎక్కువే. కెపాసిటరు పోటుకు 100 కిలోహెర్ట్జ్ ఉంటే నిశ్చింత. ఎల్ఈడీ డ్రైవర్లలో కెపాసిటరు నిండే పోటు వంద, రెండు వందల మైక్రోసెకన్లు ఉంటుంది, దానికీ 100 కిలోహెర్ట్జ్ చాలు. మెగాహెర్ట్జ్ ప్రోబులు ఐజీబీటీలు, మాస్‌ఫెట్లు అనే వేగమైన ఎలక్ట్రానిక్ స్విచ్చులు పనిచేసే చోట పనిచేసేవాళ్ల కోసం. హియోకీ 3274 డీసీ నుంచి 10 మెగాహెర్ట్జ్ దాకా, 150 ఆంపియర్ల ఆర్ఎంఎస్, 300 ఆంపియర్ల శిఖరం వరకు చూపుతుంది. మీ ట్రాన్స్‌ఫార్మరుకు అదీ సరిపోతుంది, సందేహం లేదు. అయితే దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఉల్లిపాయ కోయడానికి ఆపరేషను కత్తి కొనడం.

ప్రోబు సరైనదైనా కొలత తప్పే చోట్లు రెండున్నాయి. మీ షెడ్డులో ట్రాన్స్‌ఫార్మరును పరీక్షించి "ఇక్కడ 80 ఆంపియర్లే వచ్చింది" అనకండి. ఆటోనగర్‌లో మీ షెడ్డుకు వచ్చే తీగ పొడవు, దాని నిరోధం ఇన్‌రష్‌ను అణిచేస్తాయి. కోల్డ్ స్టోరేజీలో ప్యానెలుకు పది అడుగుల దూరంలోనే సొంత ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, అక్కడ అది విశ్వరూపం చూపిస్తుంది. మధ్యలో వేరియాక్ (వోల్టేజిని సర్దే ట్రాన్స్‌ఫార్మరు) గానీ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గానీ పెట్టి పరీక్షిస్తే ఇంకా తగ్గుతుంది. రెండోది, ఒక్కసారి స్విచ్చి వేసి చూసిన అంకెకు విలువ లేదు. కనీసం ఇరవైసార్లు వేసి ఆపి, అన్నిటికంటే పెద్దదాన్ని రాసుకోండి. మొదటి నాలుగుసార్లు చిన్న గుట్టలే వచ్చి, పదకొండోసారి రెట్టింపు రావడం నేను చాలాసార్లు చూశాను.

స్కోపులో ట్రిగ్గరును సింగిల్‌లో పెట్టండి, ఆటోలో పెడితే గుట్ట వచ్చి వెళ్లిపోయాక ఖాళీ తెర మిగులుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు ఒక గడికి 20 మిల్లీసెకన్లు, కెపాసిటరుకు 200 మైక్రోసెకన్లు. ట్రిగ్గరుకు ముందు భాగం కొంచెం కనిపించేలా జరపండి, సున్నా నేల అక్కడ కూడా కనపడాలి. ప్రోబు 1 మిల్లీవోల్టుకు 1 ఆంపియరా, 10 మిల్లీవోల్టులకు 1 ఆంపియరా అన్నది స్కోపుకు చెప్పడం మరిచిపోతే పది రెట్లు తప్పుతుంది. ఈ తప్పు నేనూ చేశాను, మీరూ చేస్తారు.

షంటు (కరెంటు దారిలోనే పెట్టి కొలిచే చిన్న నిరోధం) వాడితే సరిపోదా అని ఎవరో ఒకరు అంటారు. షంటు నిజాయితీ గలదే, కానీ దాని రెండు కొసలూ లైనులోనే ఉంటాయి. స్కోపు ప్రోబు మొసలి క్లిప్పు భూమికి కలిసి ఉంటుంది. దాన్ని ఫేజుకు తగిలించారంటే స్కోపు, షంటు, మీ కనుబొమలు అన్నీ ఒకేసారి పోతాయి. స్కోపు ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టి పనిచేసే మహానుభావులు ఉన్నారు. అప్పుడు స్కోపు ఒళ్లంతా ఫేజు అవుతుంది. ఆ దారి వద్దు. క్లాంపు కొన్నా దాని మీద క్యాట్ 3 (ప్యానెలు బోర్డుల స్థాయి భద్రత గుర్తు), 600 వోల్టులు అని రాసి ఉందో లేదో చూడండి. రాసి ఉన్నా, ఒట్టి బస్‌బారు మీద కాకుండా ఇన్సులేషను ఉన్న తీగ మీదే పెట్టండి.

చివరగా, డబ్బు చెల్లించే ముందు దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఒకటి. మీరున్నది ఆటోనగర్‌లో కాబట్టి సరంజామా అడుగు దూరంలోనే దొరుకుతుంది. ఒక 12 వోల్టుల కారు బ్యాటరీ, ఒక 60/55 వాట్ల హెడ్‌లైటు బల్బు, ఒక స్విచ్చి, మీ స్కోపు. ప్రోబు సున్నా చేసి, తీగను దవడలోంచి ఒకేసారి పోనిచ్చి బల్బు వెలిగించండి. చల్లని ఫిలమెంటు మొదట ఒక పోటు తీసుకుని, కొన్ని పదుల మిల్లీసెకన్లలో తగ్గి 5 ఆంపియర్ల దగ్గర నిలబడుతుంది. అసలైన హాల్ ప్రోబు ఆ 5 ఆంపియర్లను మీరు బల్బు ఆర్పే వరకు పట్టుకునే ఉంటుంది. ఏసీ క్లాంపు పోటును చూపించి సున్నాకు జారిపోతుంది. రొగోవ్స్కీ కూడా జారుతుంది, ఎంత నెమ్మదిగా జారితే దాని కింది హద్దు అంత మంచిదన్నమాట. తర్వాత బల్బు వెలుగుతుండగానే ఆర్పకుండా అదే తీగను పది చుట్లు దవడలోంచి తిప్పండి. 50 ఆంపియర్లు చూపించాలి. అటూ ఇటూ రెండు మూడు ఆంపియర్లు తేడా ఉంటే పరవాలేదు. పది చుట్లు ఉండగా బల్బును కొత్తగా వెలిగించకండి, మొదటి పోటు పదింతలై ప్రోబు కోరును నింపేస్తుంది, మళ్లీ సున్నా చేసుకోవాల్సి వస్తుంది. 1000 ఆంపియర్ల ఏసీ క్లాంపు చేతికిచ్చి "దీంట్లో డీసీ కూడా వస్తుందండీ" అనే దుకాణదారు ముందు ఈ బల్బు ఒక్కసారి వెలిగించి చూపించండి.